బరంపురం నుంచి డబ్లిన్ దాకా: బారిస్టరు వి.వి.గిరి

అరకులోయ: అరకు పార్లమెంటు స్థానం 2009 ఎన్నికలతో వచ్చింది. అంతకు ముందు ఈ మన్యంలో చాలా భాగానికి పార్వతీపురమే పార్లమెంటు స్థానం. 1957లో ఆ పార్వతీపురంలో ఒక పేరుపొందిన బారిస్టరు కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచినవాడు కొండ ప్రాంతపు గిరిజనుడు. బారిస్టరు గారు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అక్కడా ఓడిపోయారు. ఎన్నికైన పన్నెండేళ్ళకు ఆయనే భారత రాష్ట్రపతి అయ్యారు.

ఆయన వరాహగిరి వెంకట గిరి. వి.వి.గిరి అంటే మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. రైలు కార్మికుల నాయకుడని కొందరికి, రాష్ట్రపతి అని అందరికీ జ్ఞాపకం. ఇరవై ఏళ్ళు నిండకుండానే సముద్రాలు దాటి ఐర్లండు దేశం వెళ్ళి లా చదివాడనీ, ఆ చదువు చేతికందే వేళకు పోలీసులు దేశం విడిచి పొమ్మన్నారనీ తెలిసినవారు తక్కువ. మన ప్రాంతపు పిల్లలు కూడా ఇప్పుడు లా చదువులకు పోతున్నారు గనుక ఈ కథ ఒకసారి చెప్పుకోవాలి.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు. బరంపురం గంజాం జిల్లాలోని ఊరు, గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్ళిపోయింది. పడమటికి చూస్తే మన కొండల వరసే అక్కడిదాకా సాగుతుంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు, కాంగ్రెసు మనిషి. తల్లి సుభద్రమ్మ కూడా ఇంటికే పరిమితం కాలేదు, జాతీయోద్యమంలో దిగి అరెస్టయిన మనిషి. కుర్రవాడు ఊళ్ళోనే ఖల్లికోట కాలేజీలో చదివాడు.

ఆ రోజుల్లో ప్లీడర్లందరూ ఒకటి కాదు. కింది కోర్టుల్లో మాత్రమే వాదించగల సెకండ్ గ్రేడు ప్లీడర్లు వేరు, హైకోర్టు వకీళ్ళు వేరు. వీళ్ళందరి మీద బారిస్టర్లు. ఆ పట్టా ఈ దేశంలో దొరకదు. సముద్రం దాటి లండనుకో డబ్లినుకో పోయి తెచ్చుకోవాలి. టంగుటూరి ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో ప్లీడరుగా బాగా సంపాదిస్తూ కూడా, హైకోర్టులో నోరెత్తే హక్కు కోసమే 1904లో ఇంగ్లండు వెళ్ళారు. డబ్బున్న ఇళ్ళ పిల్లలకే ఆ దారి. జోగయ్య పంతులు గారికి ప్రాక్టీసు ఉంది కాబట్టి చెల్లింది.

ఇక్కడ మన మన్యం సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కింద మైదానంలో ఇన్ని రకాల ప్లీడర్లు, ఇన్ని కోర్టులు ఉన్నా, గంజాం, విశాఖ జిల్లాల కొండల మీద ఆ చట్టాలు నడిచేవి కావు. పర్లాకిమిడి వైపు తిరుగుబాట్లు చెలరేగిన తరువాత ఇంగ్లీషు ప్రభుత్వం 1839లో 24వ నెంబరు చట్టం చేసి కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించింది. కలెక్టరే ఏజెంటు, తీర్పు చెప్పేదీ ఆయనే. మనం ఈనాటికీ ఏజెన్సీ అనే మాట వాడుతున్నామంటే అది ఆ ఏజెంటు దొరగారి పేరు మీద నిలిచిపోయిందే. అంటే బారిస్టరు చదువుకు బయలుదేరిన కుర్రవాడి ఊరికి ఒక పక్క హైకోర్టు న్యాయం, ఇంకో పక్క ఏజెంటు న్యాయం.

విందు తింటేనే చదువు

1913లో గిరి డబ్లిన్ చేరారు. ఐర్లండు అప్పటికి ఇంగ్లండు చేతికింది దేశమే, మనలాగే. ఆ నగరంలో కింగ్స్ ఇన్స్ అనే సంస్థ బారిస్టర్లను తయారు చేస్తుంది. అక్కడి పద్ధతి వింటే మనవాళ్ళకు నవ్వొస్తుంది. పాఠాలు వినటం, పరీక్షలు రాయటం ఒక ఎత్తు. టర్ముకు ఇన్ని సార్లని లెక్క ప్రకారం ఆ హాలులో పెద్ద బారిస్టర్లతో పాటు కూర్చుని భోజనం చెయ్యటం ఇంకో ఎత్తు. విందుల లెక్క తక్కువైతే పట్టా రాదు. పెద్దల మధ్య కూర్చుంటే మాట, మర్యాద, వృత్తి తీరు పట్టుబడతాయని వారి ఉద్దేశం.

దానితో పాటు యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది కోర్సు కూడా చదవాలని నిబంధన ఉండేది. 1914-15లో ఆ కోర్సులో కూర్చున్న మొదటి జట్టులో 13 మంది భారతీయులు ఉంటే అందులో గిరి ఒకరు. 1914 నుంచి 1917 దాకా మొత్తం 50 మంది మన దేశపు విద్యార్థులు అక్కడ చదివారు. గిరి అంతటితో ఆగలేదు. ఇంకొక లా విద్యార్థితో కలిసి బి.ఏ. కోర్సులో కూడా చేరారు. ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు థామస్ మెక్‌డొనా అనే కవి. అర్థశాస్త్రం చెప్పినది థామస్ ఫిన్లే అనే క్రైస్తవ గురువు. ఈ ఫిన్లే గారు ఐర్లండు పల్లెల్లో రైతుల సహకార సంఘాల కోసం తిరిగిన మనిషి. సహకార సంఘం అంటే మనకు జి.సి.సి. డిపో గుర్తొస్తుంది, షావుకారు తూకానికి విరుగుడుగా పుట్టిన ఏర్పాటు. అక్కడ కూడా రోగం ఇంచుమించు అదే.

పుస్తకాల చదువు ఇలా ఉంటే వీధిలో ఇంకో చదువు నడుస్తోంది. కింగ్స్ ఇన్స్ హెన్రియెటా వీధి చివరన ఉంది. ఒకప్పుడు ఆ వీధి ప్రభువుల మేడల వీధి. గిరి వెళ్ళేనాటికి ఆ మేడలను గదులు గదులుగా కూలివాళ్ళకు అద్దెకిచ్చేశారు. 1911 జనాభా లెక్కల్లో అక్కడ 14వ నెంబరు ఇంట్లోనే 100 మంది ఉన్నట్లు తేలింది. నల్లకోటు వేసుకుని విందుకు పోయే ప్రతి లా విద్యార్థీ ఆ గుమ్మాల ముందు నుంచే నడవాలి.

ఆయన వెళ్ళిన 1913లోనే డబ్లిన్‌లో పెద్ద పని నిలుపుదల జరిగింది. యూనియన్‌లో చేరిన కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వలేదు. జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీ అనే నాయకుల వెనుక సుమారు 20,000 మంది కార్మికులు 1914 జనవరి దాకా పస్తులతో నిలబడ్డారు. చివరికి ఓడిపోయి పనిలోకి వెళ్ళారు. గిరిగారు తరువాత నలభై ఏళ్ళు కార్మిక సంఘాలు కట్టటానికి విత్తనం ఇక్కడే పడిందని చెప్పుకోవటంలో తప్పులేదు. బారిస్టరు పట్టా కోసం పోయినవాడు దానికంటె బరువైన సరుకు ఒకటి మూటగట్టుకుని వచ్చాడు.

1914లో యుద్ధం వచ్చింది. గాంధీగారు అప్పుడు లండన్‌లో ఉన్నారు. గిరి డబ్లిన్ నుంచి వెళ్ళి ఆయనను కలిశారు. గాయపడిన సైనికుల సేవకు రమ్మని గాంధీగారు అడిగితే ముందు సరేనన్నారు, తరువాత ఎందుకు ఒప్పుకున్నానా అని బాధపడ్డారు. ఇంతలో దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు పడుతున్న బాధల మీద డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం వేశారు. అది ప్రభుత్వ గూఢచారుల చేతిలో పడింది. ఆనాటి నుంచి ఈ కుర్రాళ్ళ వెనుక పోలీసు నీడ తప్పలేదు.

ఇరవై రోజుల తేడా

1916 ఏప్రిల్ 24, ఈస్టరు సోమవారం. డబ్లిన్‌లో స్వాతంత్ర్యవాదులు తుపాకులు పట్టుకుని పెద్ద తపాలా కార్యాలయాన్ని, మరికొన్ని కట్టడాలను ఆక్రమించారు. ఒక బిస్కట్ల ఫ్యాక్టరీని పట్టుకున్న దళానికి నాయకుడు ఎవరనుకున్నారు, ఇంగ్లీషు పాఠం చెప్పిన మెక్‌డొనా. ఆరు రోజులకు తిరుగుబాటు అణగిపోయింది. మే 3న మెక్‌డొనాను కాల్చేశారు. మే 12న కానలీని కాల్చారు. కాలికి గాయమై నిలబడలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. ఒక కళాశాలలో నిన్నటిదాకా పద్యం చదివి అర్థం చెప్పిన అయ్యవారు ఇవాళ లేడంటే, దేశంకాని దేశంలో ఉన్న ఆ పిల్లల గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఊహించుకోవచ్చు.

తరువాత సోదాలు మొదలయ్యాయి. భారతీయ విద్యార్థుల గదులనూ వదలలేదు. గిరికి తిరుగుబాటు నాయకులతో పరిచయం ఉందని పోలీసుల అనుమానం. జూన్ 1న నోటీసు వచ్చింది, నెల రోజుల్లో ఐర్లండు విడిచిపోవాలని.

మూడేళ్ళ చదువు, తండ్రి పెట్టిన ఖర్చు, తిన్న విందులు, రాసిన పరీక్షలు అన్నీ ఆ నెలలోనే తేలాలి. బారిస్టరుగా పేరు నమోదయ్యే రోజు జూన్ 21. నోటీసు నెలకు గాక పదిహేను రోజులకు ఇచ్చి ఉంటే బరంపురం కుర్రవాడు వట్టిచేతులతో ఓడ ఎక్కేవాడు. జూన్ 21న ఆయన పేరు ఐరిష్ బారిస్టర్ల పట్టీలోకి ఎక్కింది. బి.ఏ. మాత్రం సగంలోనే పోయింది. బారిస్టరు అయిన పది రోజుల లోపల ఆ దేశం ఖాళీ చెయ్యాలి.

విదేశంలో చదివే విద్యార్థి ఎంత తెలివైనవాడైనా ఆ దేశపు ప్రభుత్వం ఒక కాగితం ముక్కతో పొమ్మనగలదు. 1916లో అది పోలీసు నోటీసు, ఇప్పుడది వీసా. మిగతా పద్ధతులు చాలా మారాయి. 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక మన కోర్టుల్లో బారిస్టరుకు ప్రత్యేక పీట లేదు, అందరూ అడ్వకేట్లే. ఇప్పుడు ఇక్కడే లా పూర్తి చేసి, పై చదువుగా ఎల్.ఎల్.ఎం. కోసం విదేశం వెళ్ళటం ఎక్కువ. ఇంగ్లండులో అది ఏడాది కోర్సు. మొదటి డిగ్రీయే విదేశంలో చదివితే మాత్రం ఆ యూనివర్సిటీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి, తిరిగి వచ్చాక ఇక్కడి అర్హత పరీక్ష కూడా ఉంటుంది. గిరిజన విద్యార్థులు విదేశాల్లో పై చదువులు చదవటానికి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది, కాని దేశం మొత్తానికి ఏటా 20 మందికే. మన కొండల్లో ఎన్ని గూడేలున్నాయో లెక్క పెట్టుకుంటే ఆ ఇరవై ఎంత చిన్న సంఖ్యో తెలుస్తుంది. అయినా ఉన్నదని తెలియక దరఖాస్తే పెట్టనివారు ఉండకూడదు.

గిరిగారు తిరిగివచ్చి 1916లోనే మద్రాసు హైకోర్టులో చేరారు. అంత కష్టపడి తెచ్చుకున్న గౌనును ఎన్నాళ్ళు వాడారు? నాలుగైదేళ్ళు. ప్రాక్టీసు బాగా సాగుతున్న సమయంలో 1920లో గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. ఆయన కోర్టు మానేశారు. 1922లో సారా దుకాణాల ముందు నిరసన చేసి జైలుకు వెళ్ళారు. కొండకు సారా ఏం చేసిందో తెలిసిన మనకు ఇది చిన్న సంగతిగా కనబడదు.

తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. మన ప్రాంతానికి ఆ కంపెనీ పేరు కొత్తది కాదు. వాల్తేరు దాకా వచ్చిన రైలూ, విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ పోయే దారీ ఆ కంపెనీవే. అరకు లోయకు రైలు 1960లలో వచ్చింది గాని, పార్వతీపురం వాళ్ళు అంతకు చాలా ముందే ఆ కూత విన్నారు. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపనలో ఆయన ఒకరు. 1928లో ఉద్యోగాలు పోయిన రైలు కార్మికుల కోసం జరిపిన సమ్మె రక్తపాతం లేకుండా నడిచిందని పేరు తెచ్చుకుంది. డబ్లిన్‌లో ఆకలితో ఓడిన సమ్మెను చూసినవాడు, సమ్మె కంటె ముందు కూర్చుని మాట్లాడుకోవటం మేలని జీవితమంతా చెప్పాడు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్ళారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలిలో బొబ్బిలి రాజానే ఓడించారు. రాజావారు అప్పటికి జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి. సొంత సంస్థానంలో ఓడిపోవటం ఆ రోజుల్లో పెద్ద సంచలనం. రాజాజీ మంత్రివర్గంలో, తరువాత 1946లో ప్రకాశం గారి మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. మధ్యలో జైళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో భారత హైకమిషనరుగా ఉన్నారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల అవార్డును ప్రభుత్వం తగ్గించిందని 1954లో ఆ పదవి వదిలేశారు.

సూరిదొరతో దావా

ఇక పార్వతీపురం కథ. 1957లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు, ఒకటి జనరలు. లెక్కింపు పద్ధతి ఇలా ఉండేది. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ముందు రిజర్వు సీటు ఇస్తారు. మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి జనరల్ సీటు. రిజర్వు సీటు బిడ్డిక సత్యనారాయణకు వచ్చింది. మిగిలినవారిలో గిరిగారి కంటె కొద్దిగా ఎక్కువ ఓట్లు వచ్చినది డిప్పల సూరిదొరకు. ఆయనా గిరిజనుడే. రెండు సీట్లూ కొండవారికే పోయాయి.

గిరిగారు ఎన్నికను సవాలు చేశారు. వాదనలు రెండు. రిజర్వు సీటుకని నిలబడినవాడికి జనరల్ సీటు ఇవ్వకూడదని ఒకటి. సూరిదొర మూకదొర తెగవాడు కాడు, క్షత్రియుడనని చెప్పుకుంటున్నాడు గనుక గిరిజనుడే కాడని రెండోది. సుప్రీంకోర్టు 1959లో రెండింటినీ తోసిపుచ్చింది. గిరిజనుడు కూడా ఈ దేశపు పౌరుడే, ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ సీటు కూడా అతనిదే. కాగితాల్లో క్షత్రియుడని రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదు. తీర్పు సారాంశం ఇది. కుల ధృవీకరణ వివాదాల్లో ఈ తీర్పును ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో పార్లమెంటు రద్దు చేసింది.

ఇక్కడ గిరిగారి పక్షాన మాట్లాడటం కష్టం. పేదవాడి తరఫున అంతకాలం నిలిచిన మనిషి, ఒక గిరిజనుణ్ణి గిరిజనుడు కాదని కోర్టులో వాదించటం మన్యంలో ఎవరికీ మింగుడుపడదు. చట్టంలో సందేహం ఉంటే కోర్టును అడిగే హక్కు ఆయనకు లేదనలేం. కాని అడిగిన ప్రశ్న తనకు వ్యతిరేకంగా తేలి, కొండవారికి శాశ్వతంగా పనికొచ్చింది. ఈ దావా నడుస్తుండగానే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. తరువాత కేరళ, మైసూరు.

1967లో ఉపరాష్ట్రపతి. 1969లో జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగా చనిపోతే, గిరిగారు ఇండిపెండెంటుగా నిలబడి మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి గారిని రెండో ప్రాధాన్యత ఓట్లతో ఓడించారు. ఆగస్టు 24న ప్రమాణం చేశారు.

మనకు కావలసిన సంగతి ఆ తరువాత ఉంది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ చేశారు. దానిలో కన్నాలు పూడుస్తూ వచ్చిందే అందరి నోటా నలిగే 1/70. ఏజెన్సీలో భూమి ఎవరి చేతిలో ఉన్నా సరే, గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదన్నది అదే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలని, కాదని రుజువు చేసుకునే బరువు అతనిదేనని అన్నది కూడా అదే. షెడ్యూల్డు ప్రాంతాలకు గవర్నరు చేసే రెగ్యులేషన్ రాష్ట్రపతి ఆమోదం లేనిదే చెల్లదు. 1970 ఫిబ్రవరి 3న అది అమలులోకి వచ్చిననాడు రాష్ట్రపతి గిరిగారే. అనంతగిరి, బొర్రా భూములపై గనుల లీజుల కేసులో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చినప్పుడు నిలబడినది కూడా ఈ రెగ్యులేషన్ మీదే.

అదే 1970లో ఆయన ఎన్నిక మీద కూడా సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. రాష్ట్రపతి కోర్టుకు రానక్కరలేదు. గిరిగారు స్వయంగా వెళ్ళి సాక్ష్యం చెప్పారు. ఆ పదవిలో ఉంటూ సుప్రీంకోర్టులో సాక్షిగా నిలిచిన మొదటి రాష్ట్రపతి ఆయనే. పిటిషన్లు కొట్టేశారు. పార్వతీపురం కేసు ఓడిన కోర్టులోనే ఈసారి గెలిచారు.

1974లో పదవి దిగారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక విద్యా సంస్థకు ఆయన పేరు పెట్టారు. డబ్లిన్‌లో హెన్రియెటా వీధి 14వ నెంబరు ఇల్లు 2018 నుంచి మ్యూజియంగా ఉంది, వందమంది ఒకే కప్పు కింద ఎలా బతికారో వచ్చినవారికి చూపిస్తున్నారు. ఆ వీధి చివర కింగ్స్ ఇన్స్‌లో లా విద్యార్థులు ఇప్పటికీ లెక్క ప్రకారం విందులు తింటూ చదువుకుంటున్నారు.